ఆరుంపావు నుంచి ఏడూ ఇరవై ఐదు దాకా

పిల్లల్ని నిద్రపుచ్చడం తల్లి పనో నాయనమ్మ పనో అని మనం ఇన్నాళ్ళూ పొరబడుతూ వచ్చాం. బ్రిటన్‌లో 1957 దాకా అది పోస్టుమాస్టర్ జనరల్ గారి పని, అంటే తపాలాతో పాటు టీవీనీ అజమాయిషీ చేసే మంత్రిగారిది. సాయంత్రం ఆరింటికి టీవీలో పిల్లల కార్యక్రమాలు అయిపోయేవి. ఏడింటికి పెద్దవాళ్ళవి మొదలయ్యేవి. మధ్యలో గంటసేపు తెర మీద ఏమీ ఉండేది కాదు. ఏదైనా ఉంటే పిల్లలు కదలరు, కదలకపోతే పడుకోరు, పడుకోకపోతే ఏమవుతుందో ఊహించడానికి కూడా లండన్ అధికారులకి ధైర్యం చాలలేదు. రవి అస్తమించని సామ్రాజ్యాన్ని ఏలినవాళ్ళు ఆరున్నరకి ఇంట్లో బుడతల్ని పడుకోబెట్టలేక చట్టం సాయం తెచ్చుకున్నారు. దీనికి 'టాడ్లర్స్ ట్రూస్' అని పేరు, అంటే బుడతలతో సంధి. పాపం మన నిజాం నవాబుకి కూడా వాళ్ళ దగ్గర ఇంత మర్యాదైన సంధి దక్కలేదు.

1957 ఫిబ్రవరిలో ఆ సంధిని రద్దు చేశారు. రద్దు చేసిన పోస్టుమాస్టర్ జనరల్ చార్లెస్ హిల్ స్వతహాగా డాక్టరు. రేడియోలో జనానికి ఆరోగ్య సలహాలు చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి. పిల్లల్ని పడుకోబెట్టే బాధ్యత తల్లిదండ్రులదే గానీ సర్కారుది కాదని ఆయన తేల్చేశారు. ఒక ప్రభుత్వ శాఖ తన అధికారాన్ని తనంతట తానే తల్లులకి తిరిగి అప్పగించిన సందర్భం ఇంకొకటి నాకు కనపడలేదు. ఆ గంటలో ప్రకటనలు వేసుకుంటే కొత్తగా వచ్చిన ప్రైవేటు చానెల్ ఐటీవీకి నాలుగు డబ్బులొస్తాయన్న సంగతి కూడా ఉందనుకోండి. మంచి పనికి ఎవరి లాభమో తోడైతే తప్పేముంది.

ఇదంతా మామూలు రోజుల సంగతి. ఆదివారం వేరు. ఆదివారం సాయంత్రం 6.15 నుంచి 7.25 దాకా మూత. టీవీ ఉంటే జనం చర్చికి పోరు, పిల్లలు బైబిలు బడికి పోరు. అందుకని టీవీనే లేకుండా చేస్తే దిక్కులేక దేవుడి దగ్గరికి పోతారని లెక్క. మనవాళ్ళు ప్రసాదం పెట్టి భక్తుల్ని పిలుస్తారు, వీళ్ళు కరెంటు బొమ్మ తీసేసి పిలిచారు. తర్వాత కొంత మెత్తబడి, ఆ సమయంలో భక్తి కార్యక్రమాలైతే వేసుకోవచ్చన్నారు. అక్కడొచ్చింది చిక్కు. బీబీసీలో ప్రార్థన వేస్తుంటే ఐటీవీలో డాన్సు వేస్తే ప్రార్థన గతేం కాను? అందుకని రెండు చానెళ్ళూ ఒకే సమయానికి భక్తి వేయాలని కుదుర్చుకున్నారు. కొట్లు రెండు, సరుకు ఒకటే. ఈ ఏర్పాటు కాస్త అటూ ఇటూ మారుతూ 1990ల మొదటిదాకా నడిచింది. పోటీ ఉంటేనే నాణ్యత పెరుగుతుందని ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం, దేవుడి విషయంలో మాత్రం పోటీ పనికిరాదని గ్రహించింది.

అలా పుట్టిందే బీబీసీ 'సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్'. 1961 అక్టోబరు 1న కార్డిఫ్‌లోని ఒక చర్చిలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఐటీవీ 1983 నుంచి పదేళ్ళపాటు 'హైవే' అని వేసింది. దాన్ని నడిపింది హ్యారీ సీకూంబ్, రేడియోలో వెర్రిమొర్రి హాస్యంతో దేశాన్ని నవ్వించినాయన. మన దగ్గర రేలంగిగారి చేత ఆదివారం సాయంత్రాలు హరికథ చెప్పించినట్టు ఊహించుకోండి. బాగానే ఉంటుంది కదా. బాగానే ఉండేదట.

ఇంతకీ ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, మా బాబాయి గుంటూరులో డాక్టరీ చదివి 1973 చివర్లో యార్క్‌షైర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఎన్ని ప్రాణాలు కాపాడారో ఎప్పుడూ చెప్పలేదు. అక్కడి ఆదివారాలు ఎలా గడిపారో మాత్రం ఫోను చేసిన ప్రతిసారీ చెప్తారు. "ఒరేయ్, మీకు బోరు అంటే తెలీదురా. మీది ఉత్తుత్తి బోరు. బోరంటే సర్కారు గ్యారంటీ ఉండాలి" అంటారు.

ఆ గ్యారంటీ ఉత్తి మాట కాదు. టీవీ వారానికి ఎన్ని గంటలు నడవాలో, ఆదివారం ఎన్ని గంటలు నడవాలో 1972 దాకా ప్రభుత్వమే లెక్కపెట్టి ఇచ్చేది, రేషను చక్కెరలాగా. కార్యక్రమాలు లేని వేళల్లో తెర మీద ఒక బొమ్మ ఉండేది: ఎర్ర గౌను వేసుకున్న పాప, పక్కన ఆకుపచ్చ గుడ్డబొమ్మ, మధ్యలో నల్లపలక మీద సున్నా-ఇంటూ ఆట. ఆ ఇంటూ గుర్తే తెరకి సరిగ్గా నడిమధ్య. 1967లో బీబీసీ ఇంజనీరు జార్జ్ హెర్సీ తన కూతురి ఫొటో పెట్టి తయారుచేశాడు, సెట్లు సరిచేసుకునేవాళ్ళ కోసం. ఆ పాప సుమారు 70 వేల గంటలు తెర మీద ఉందని ఒక అంచనా. ఏ మహానటికీ అంత స్క్రీన్ టైము దక్కలేదు. వచ్చేపోయేవాళ్ళు కాసేపు ఆ బొమ్మనే చూసేవాళ్ళట, పాప ఇప్పుడైనా ఆట పూర్తి చేస్తుందేమోనని.

సరే, తెల్లారిందనుకుందాం. ఆదివారం పొద్దున బీబీసీలో మనవాళ్ళ కార్యక్రమం. 1968లో మొదలైన దీని పేరు 'నయీ జిందగీ నయా జీవన్'. మొదటి సగం ఉర్దూలో కొత్త జీవితం. రెండో సగం హిందీలో కొత్త జీవితం. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని పేరు రెండుసార్లు పెట్టారు. తెనాలి మనిషికి మాత్రం అందులో ఒక్క జీవితమూ లేదు. అయినా బాబాయి పొద్దున్నే లేచి దాని ముందు కూర్చునేవారు. మా పిన్ని వెళ్ళాక ఆవిడా కూర్చుంది. "భాష కోసం కాదమ్మా, చీర కట్టుకున్న మనిషి టీవీలో కనపడేది వారానికి ఒక్కసారే" అంటుంది పిన్ని. ఇంగ్లీషు దేశంలో పదేళ్ళున్న మా పిన్నికి ఆ పదేళ్ళలో బాగా వచ్చిన భాష హిందీ.

మధ్యాహ్నం పన్నెండింటికి ఐటీవీలో 'వీకెండ్ వరల్డ్'. అందులో బ్రయన్ వాల్డెన్ అనే మాజీ ఎంపీ ఒక మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడిగిందే అడిగి, చెప్పిందే చెప్పించి, మనిషిలోంచి ఒక వాక్యం రాబట్టేవాడు. బీబీసీలో 'ఫార్మింగ్'. ఇది 1957 నుంచి 1988 దాకా నడిచింది. లండన్ ఫ్లాటులో ఉండే గుమస్తా, చేతిలో వేయించిన మాంసం ముక్కతో, పందుల రేటు తగ్గిందని విని దిగాలుపడేవాడు. మనం దూరదర్శన్‌లో కృషి దర్శన్ రాగానే లేచిపోయి సిగ్గులేకుండా నవ్వుకున్నాం. మనకంటే పదేళ్ళ ముందు నుంచే తెల్లవాళ్ళు లేవకుండా చూశారు. లేవకపోవడానికి కారణం ఉంది. లేచి ఎక్కడికి పోతారు? షాపులు మూత. 1994లో చట్టం మారితే తప్ప పెద్ద షాపులు ఆదివారం తెరవలేదు, అదీ ఆరు గంటలే. పబ్బు మధ్యాహ్నం రెండింటికి మూసేసి మళ్ళీ ఏడింటికి తెరిచేవాళ్ళు. బయట వాన. బ్రిటిష్ టీవీ గొప్పదని ప్రపంచమంతా పొగుడుతుంది గానీ, ఆ గొప్పతనంలో వాన వాటా ఎంతో ఎవరూ లెక్క తీయలేదు.

తర్వాత ఆటలు. ఫుట్‌బాల్ శనివారం ఆడేవాళ్ళు, ఆదివారం మధ్యాహ్నం చూపించేవాళ్ళు. ఎవరు గెలిచారో పొద్దున పేపర్లోనే వచ్చేది. అంటే చద్దన్నమే, కానీ 'ది బిగ్ మ్యాచ్' అని పేరు పెట్టి ఆవకాయ కలిపి వడ్డించేవాళ్ళు. ఆదివారమే ఆడొచ్చు కదా అంటారేమో. కుదరదు. ఆదివారం వినోదానికి టిక్కెట్టు పెట్టి డబ్బు వసూలు చేయకూడదని 1780 నాటి చట్టం ఒకటుండేది. హైదర్ అలీ ఇంగ్లీషువాళ్ళ మీదికి దండెత్తిన ఏడాది. హైదర్ అలీ పోయాడు, కంపెనీ పోయింది, సామ్రాజ్యం పోయింది, చట్టం మాత్రం అప్పటికీ అలాగే ఉంది. చివరికి 1974 జనవరిలో బొగ్గు కార్మికుల గొడవతో దేశంలో కరెంటుకి కటకట వచ్చి, ఫ్లడ్‌లైట్లు వేయడానికి లేక, ఆదివారం పగలు ఆడక తప్పలేదు. మరి చట్టం? దానికో ఉపాయం పన్నారు. లోపలికి ప్రవేశం ఉచితం. కాకపోతే ఆటగాళ్ళ పేర్లున్న ఒక కాగితం కొనాలి. ఆ కాగితం ఖరీదు, ఏమి చిత్రమో, సరిగ్గా టిక్కెట్టంత. మన దగ్గర కొన్ని కాలేజీలు సీటు ఉచితంగా ఇచ్చి బిల్డింగు ఫండుకి రసీదు ఇచ్చే విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నాయో అప్పుడు అర్థమైంది నాకు.

క్రికెట్ కథ ఇంకా ముచ్చటైనది. టీవీలో సిగరెట్ ప్రకటనలు 1965లో నిషేధించారు. బీబీసీలో అసలు ఏ ప్రకటనా ఉండదు. ఇక 1969లో ఆదివారం మధ్యాహ్నాలు బీబీసీ2లో చూపించిన 40 ఓవర్ల పోటీ పేరేమిటంటారా? జాన్ ప్లేయర్ లీగ్. జాన్ ప్లేయర్ ఎవరంటారా? ఆల్‌రౌండర్ కాదు, సిగరెట్ కంపెనీ. ప్రకటన వేస్తే నేరం, దాని పేరు వ్యాఖ్యాత నోటితో మధ్యాహ్నమంతా అంటే క్రీడాస్ఫూర్తి. బౌలరు పరుగెత్తే దూరం కూడా 15 గజాలకి మించకూడదని నిబంధన పెట్టారు, ఆట తొందరగా ముగిసి సాయంత్రం దేవుడికి దారి వదలాలి కదా. మొదటి రెండేళ్ళూ లాంకషైర్ గెలిచింది, వికెట్ల వెనక మన ఫరూఖ్ ఇంజనీర్. 1991లో మన అజారుద్దీన్ డెర్బీషైర్‌కి వెళ్ళి ఆడినప్పుడు హైదరాబాదీలకి కూడా ఆ ఆదివారాల్లో కాస్త వాటా వచ్చింది. మణికట్టు తిప్పి లెగ్‌సైడు కొట్టే బంతికి ఏ చట్టమూ అడ్డు రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నా ఉద్దేశంలో బ్రిటిష్ ఆదివారం తాలూకు సారమంతా ఒక్క కార్యక్రమంలో ఉంది. దాని పేరు 'బుల్స్ ఐ'. 1981 నుంచి 1995 దాకా ఐటీవీలో వచ్చింది, ఎక్కువగా ఆదివారం సాయంత్రం టీ వేళకి. నడిపింది జిమ్ బోవెన్ అనే మాజీ టీచరు. పబ్బుల్లో గోడకి బల్ల పెట్టి ముళ్ళు విసిరే ఆట ఉంది చూశారూ, డార్ట్స్, దానికీ క్విజ్‌కీ పెళ్ళి చేశారు. జంటలుగా వస్తారు. ఒకడు విసురుతాడు, ఒకడు జవాబులు చెప్తాడు. గెలిచినవాళ్ళ దగ్గర అప్పటికి కొంత డబ్బూ, ఒక టీ సెట్టో, ఒక వాక్యూమ్ క్లీనరో ఉంటాయి. అప్పుడు బోవెన్ అడుగుతాడు: అవన్నీ పణంగా పెట్టి తెర వెనకున్న పెద్ద బహుమతికి ఆడతారా? ఆరు ముళ్ళలో 101 కొట్టాలి. మూడు విసరడం వచ్చినవాడు విసరాలి, మూడు రానివాడు విసరాలి.

మొహాలు చూసుకుంటారు. బయట భార్యలు తల అడ్డంగా ఊపుతున్నారో నిలువుగా ఊపుతున్నారో తెలీదు. ఆడతాం అంటారు. రానివాడు విసురుతాడు, బల్ల అంచుకి ఒకటి, ఇరవైకి బదులు ఐదులో ఒకటి. వచ్చినవాడి చేతిలో ఎంత విద్య ఉన్నా మూడు ముళ్ళకి మిగిలిన లెక్క అందదు. పోయింది. ఇంతటితో ఆపేస్తే మామూలు ఆట. బోవెన్ ఆపడు. వాళ్ళ భుజాల మీద చెయ్యివేసి, రండి, గెలిచుంటే మీకేమొచ్చేదో చూద్దాం అంటాడు. తెర తొలుగుతుంది. మోటారు పడవ. తెల్లగా, తళతళలాడుతూ, చుట్టూ లైట్లు. ఆ ఇద్దరూ ఏ వుల్వర్‌హాంప్టన్ నుంచో వచ్చినవాళ్ళు. ఆ చుట్టుపక్కల సముద్రమన్నది లేదు. ఒక వేళ గెలిచినా ఒక పడవని ఇద్దరు ఎలా పంచుకుంటారో, దాన్ని ఏ సందులో కట్టేసుకుంటారో ఎవరూ అడగలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ఓడినవాళ్ళూ కొట్టారు.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. మన తెలుగిళ్ళలో గీతాసారం క్యాలెండరు ఉంటుంది: నీవేమి పోగొట్టుకున్నావని విచారిస్తున్నావు? అది చదివి వైరాగ్యం తెచ్చుకున్న మనిషి నాకు ఇంతవరకూ కనపడలేదు. ఎందుకంటే మనకి పోయినదేమిటో చూపించేవాడు లేడు. వాళ్ళు ముందు పడవ చూపించేవాళ్ళు, ఆ వెనకే భక్తి కార్యక్రమం వేసేవాళ్ళు. వేదాంతం బోధించాల్సిన వరస అదీ.

బీబీసీలో అదే పాఠం కాస్త పెద్దమనిషి తరహాలో జరిగేది. 1979 నుంచి 'యాంటిక్స్ రోడ్‌షో'. ఊళ్ళో జనం అటక మీది కూజాలూ గడియారాలూ సంచుల్లో పెట్టుకుని లైన్లో నిలబడతారు. నిపుణుడు కూజాని తిరగేసి అడుగు చూస్తాడు, వేలుతో తడతాడు, ఇది ఎక్కడిదండీ అంటాడు. మా తాతగారు ఇండియాలో పనిచేసేటప్పుడు వచ్చిందండీ అంటుంది ఆవిడ. 'వచ్చింది' అన్న ఆ క్రియలో ఎన్ని శతాబ్దాల వినయం ఉందో మనబోటి వాళ్ళకే తెలుస్తుంది. ధర చెప్పగానే ఆవిడ కనుబొమ ఒక్క వెంట్రుకవాసి పైకి లేస్తుంది, వెంటనే దిగుతుంది. అయ్యో, అమ్మే ఉద్దేశం లేదండీ అంటుంది. సోమవారం పొద్దున ఎవరికి ఫోను చేస్తుందో కెమెరా చూపించదు. మన దగ్గర ఈ కార్యక్రమం ఎందుకు రాలేదని కొందరు బాధపడతారు. రాదు. మన ఇత్తడి గంగాళాలూ కంచు చెంబులూ తిరగేసి చూసిన నిపుణుడు వీధిలోకి ఎప్పుడో వచ్చి, వాటికి బదులు రెండు స్టీలు గిన్నెలిచ్చి వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాలయ్యాక 'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్', బాబాయి ఉన్న యార్క్‌షైర్‌లోనే తీసేవాళ్ళు. ముగ్గురు ముసలాళ్ళు కొండ ఎక్కుతారు, కబుర్లు చెప్పుకుంటారు, చక్రాలు కట్టిన ఏదో ఒక వస్తువు మీద కొండ దిగుతారు. 1973 నుంచి 2010 దాకా 37 ఏళ్ళు, 295 ఎపిసోడ్లు, అన్నీ రాసింది రాయ్ క్లార్క్ ఒక్కడే. మన సీరియల్లో 295 ఎపిసోడ్లకి అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టడం కూడా పూర్తికాదు. ఆ తర్వాత 'దట్స్ లైఫ్' అని ఒకటి. వినియోగదారుల హక్కుల గురించి గంభీరంగా మాట్లాడుతూ మాట్లాడుతూ, మధ్యలో అసభ్య ఆకారంలో పండిన క్యారెట్టు చూపించి నవ్వేవాళ్ళు. ఆ దేశం ఒక్కసారి మనసు విప్పి నవ్విందంటే కారణం సాధారణంగా కూరగాయే.

ఇంత కష్టపడి కాపాడిన ఆదివారం చివరికి ఎవరి చేతిలో పోయిందో కూడా చెప్పాలి. 1968లో 'ఫోర్‌సైట్ సాగా' అనే 26 భాగాల సీరియల్‌ని బీబీసీ1లో ఆదివారం రాత్రి మళ్ళీ వేశారు. ఆఖరి భాగాన్ని కోటీ ఎనభై లక్షల మంది చూశారు. ఆ రోజుల్లో కొందరు ఫాదర్లు సాయంత్రం ప్రార్థన వేళ మార్చుకున్నారు, సీరియల్‌కి అడ్డం రాకుండా. చర్చి కోసం టీవీ ఆపడంతో మొదలైన దేశం, టీవీ కోసం చర్చి జరపడానికి వచ్చింది. పది పన్నెండేళ్ళు పట్టింది, అంతే. 1984 జనవరి 22, ఆదివారమే, 'థార్న్ బర్డ్స్' ఆఖరి భాగం. కథేమిటంటే ఒక క్యాథలిక్ ప్రీస్టు ప్రేమలో పడటం. అది అయిపోగానే దేశమంతా ఒక్కసారిగా లేచి టీ కోసం కెటిల్ పెట్టింది. గ్రిడ్ మీద ఒక్కసారే పెరిగిన లోడు 2,600 మెగావాట్లు. ఆ అంకె చూస్తే మీకేమీ అనిపించకపోవచ్చు. మన రామగుండం ఎన్టీపీసీలో పాత ఏడు యూనిట్లూ కలిపి సరిగ్గా అంతే. ఫాదర్ గారి ప్రేమకథ విని తెల్లవాళ్ళు నీళ్ళు కాచుకోవడానికి ఒక రామగుండం కావలసి వచ్చింది.

బాబాయి దిగినప్పుడు కెటిళ్ళ గొడవ లేదు, కరెంటే లేదు. అది బొగ్గు గొడవ చలికాలం. రాత్రి పదిన్నరకల్లా టీవీ కట్టెయ్యాలని సర్కారు ఆర్డరు. మొదటి ఆదివారం డాక్టర్ల క్వార్టర్స్‌లోని హాల్లో ముగ్గురు తెలుగువాళ్ళూ నలుగురు దొరలూ టీవీ ముందు కూర్చున్నారట. పదిన్నర అయింది. గడియారం కనపడింది, ఇక సెలవన్నారు, వాళ్ళ జాతీయగీతం మొదలైంది. ఆ రోజుల్లో మన సినిమా హాళ్ళలో ఆట వదిలేముందు జనగణమన వేసేవాళ్ళు, కదిలితే పక్కవాడు గదమాయించేవాడు. ఆ అలవాటున మన ముగ్గురూ టక్కున లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. రాణిగారు చల్లగా ఉండాలని కోరే పాట మొత్తం అయ్యేదాకా కదల్లేదు. పాట అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే దొరలు నలుగురూ లేరు. ఇద్దరు బాత్రూమ్‌కి పోయారు, ఒకడు టీ పెట్టుకుంటున్నాడు, నాలుగోవాడు సోఫాలో నోరు తెరిచి నిద్రపోతున్నాడు. తెర నల్లబడింది. సెట్టు ఆపడం మరిచిపోకండి అని లోపల్నుంచి ఎవరో మర్యాదగా చెప్పారు.

"మేమే ఆపాంరా" అన్నారు బాబాయి. "నిద్రపోయేవాడికి దుప్పటి కూడా కప్పాం."